మాస్ కమ్యూనికేషన్ కోర్సుకు అప్పు ఎంతదాకా చేయొచ్చు?

ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, అడ్మిషన్ల ఫోన్లు మొదలవుతాయి. మూడేళ్ల మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2 లక్షలు, లోన్ కూడా మేమే ఇప్పిస్తాం అంటారు. సంతకం పెట్టేముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఈ లెక్క వేయండి.

ఏటా మొదట్లో 2 లక్షల చొప్పున బ్యాంకు మూడుసార్లు కట్టిందనుకుందాం. వడ్డీ 10 శాతం. చదివే మూడేళ్లూ, ఆపైన ఇంకో ఏడాదీ కంతులు ఉండవు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. బారువడ్డీ లెక్కనే చూసినా మొదటి 2 లక్షల మీద నాలుగేళ్లకు 80 వేలు, రెండో విడత మీద మూడేళ్లకు 60 వేలు, మూడో విడత మీద రెండేళ్లకు 40 వేలు. తీసుకున్న 6 లక్షలు కంతులు మొదలయ్యే నాటికి 7,80,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,300. పదిహేనేళ్లు పెట్టుకుంటే 8,380కి దిగుతుంది గానీ, మొత్తం కట్టేది 15 లక్షలు దాటుతుంది.

జీతం సంగతి చూద్దాం. చేతికొచ్చే జీతంలో ఐదో వంతు మించి కంతుకు పోకూడదన్నది నా పట్టుదల. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గది అద్దె, తిండి, బస్సు పోగా అంతకంటే మిగలదు. 10,300 కట్టాలంటే 51,500 జీతం ఉండాలి. తెలుగు పత్రిక డెస్కులో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌కు అంత రాదు. 20 వేలు చేతికొస్తుందనుకుంటే ఐదో వంతు 4 వేలు. చదివే కాలంలో పెరిగే వడ్డీ కూడా కలుపుకుంటే, పదేళ్ల కంతులకు ఆ 4 వేలు మోయగలిగేది 2,30,000 అప్పును మాత్రమే. ఐదేళ్లలో వదిలించుకోవాలంటే 1,45,000. మీ అప్పు ఎక్కడ ఆగాలో కాలేజీ ఫీజు కాదు, ఈ అంకె చెప్పాలి.

మండలం నుంచి పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా చేరితే అసలు జీతమే ఉండదు. అచ్చయిన వార్త నిడివిని బట్టి ఇచ్చే లైన్ అకౌంట్, ప్రకటన తెస్తే కమీషన్, అంతే. దాన్ని నమ్ముకుని నెలనెలా కంతు ఒప్పుకోవడం ప్రమాదం. అందుకే కాలేజీవాళ్లు ప్లేస్‌మెంట్ల జాబితా చూపిస్తే, ఎంతమందికి నెల జీతం, ఎంతమందికి లైన్ అకౌంట్ అని విడదీసి అడగండి.

పత్రికలో ఉద్యోగానికి ఈ డిగ్రీయే ఉండాలన్న రూలు లేదు. ఎంపిక చేసేటప్పుడు ఇంగ్లిష్ వార్త చేతికిచ్చి తెలుగు చేయమంటారు, శీర్షిక పెట్టమంటారు. పెద్ద దినపత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టి, నేర్పించే కాలంలో స్టైపెండ్ ఇచ్చాయి. చేరేముందు ఎన్నేళ్లు పనిచేయాలన్న ఒప్పందం ఉందో చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే బీఏ చదివి అటు వెళ్లొచ్చు. ఆడపిల్లలకైతే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. ఆ చుట్టుపక్కలవాళ్లు ఇంటి నుంచి పోయి వస్తే హాస్టల్ అప్పు తప్పుతుంది.

వీడియో ఎడిటింగ్, కెమెరా వైపు పోదలచినవాళ్లకు ల్యాబ్ అవసరమే, కాదనను. అయితే బ్యాచ్‌లో 60 మంది ఉండి కెమెరాలు నాలుగే అయితే ఒక్కో కెమెరా వెనక 15 మంది నిలబడతారు. ఆ గదిలోకి వెళ్లి లెక్కపెట్టుకుని రండి.

సహ రుణగ్రహీతగా సంతకం పెట్టేది నాయన. చిత్తూరు వైపు తోతాపురి మామిడికాయలు ఫ్యాక్టరీకి తోలి డబ్బు చూసేది ఏడాదికి ఒకసారి, కంతు మాత్రం నెలనెలా. రెండు మూడు కంతులు తప్పితే అప్పులు ఎలా తీరుస్తున్నారో చూసి వేసే మార్కు, అదే సిబిల్ స్కోరు, నాయనకు కూడా పడిపోతుంది. తర్వాత ఆయన ఏ లోన్ అడగబోయినా ఈ మచ్చ బ్యాంకు కంటబడుతుంది.

కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలలోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద కంతులు లేని కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. పైన చెప్పిన లెక్కలో 54 వేలు తగ్గుతుంది. కానీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి, సీటు మెరిట్ మీద రావాలి. మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. చదువు అప్పు వడ్డీ చూపిస్తే పన్ను మిగులుతుందని ఎవరైనా చెబితే లెక్కలోకి తీసుకోకండి. అది పాత పన్ను విధానంలోనే, పైగా 20 వేల జీతానికి పన్నే పడదు.

అప్పు ఎటూ తప్పదనుకుంటే, చదివేటప్పుడే వడ్డీ కట్టేయండి. 6 లక్షల అప్పుకు మొదటి ఏడాది నెలకు 1,667, రెండో ఏడాది 3,333, ఆపైన 5,000. పాల బిల్లు వచ్చినప్పుడల్లా కొంత జమచేసినా సరే. అలా చేస్తే పదేళ్ల కంతు 10,300 నుంచి 7,930కి దిగుతుంది. కొన్ని బ్యాంకులు ఇలా కట్టినవారికి వడ్డీలో 1 శాతం తగ్గిస్తాయి. ఆ మాట శాంక్షన్ లెటర్‌లో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి, లేకపోతే రాసివ్వమని మేనేజర్‌ను అడగండి.