పీట్ డ్రేక్ ఫలకం చూడటానికి నాష్‌విల్ వెళ్లాం

అట్లాంటాలోని తెలుగువాళ్లు నాష్‌విల్ వెళ్తున్నామంటే సాధారణంగా బెల్‌వ్యూలోని గణేశుడి గుడికో, బ్రాడ్‌వే వీధిలో అర్ధరాత్రి దాకా సాగే పాటల హోరు వినడానికో అయి ఉంటుంది. నేను వెళ్లింది ఒక కంచు ఫలకం కోసం. అమెరికా కంట్రీ సంగీతంలో పేరున్నవాళ్లను గౌరవించే మ్యూజియం, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న ఆ ఫలకం పీట్ డ్రేక్ అనే పెడల్ స్టీల్ గిటార్ విద్వాంసుడిది. తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాలితో పెడళ్లు తొక్కుతూ వాయించే గిటార్ అది. ఆయన పేరు వినని వాళ్లు కూడా ఆయన వాద్యాన్ని వినే ఉంటారు. ట్యామీ వైనెట్ ‘స్టాండ్ బై యువర్ మ్యాన్’, లిన్ ఆండర్సన్ ‘రోజ్ గార్డెన్’, బాబ్ డిలన్ ‘లే లేడీ లే’ పాటల్లో గొంతు వెనక నుంచి సాగుతూ వచ్చే నాదం ఆయనదే.

మా బాబాయి విజయవాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కర్ణాటక సంగీతం తప్ప మిగిలినదంతా చప్పుడే ఆయన లెక్కలో. “ఆ గిటారు మోతకు నన్నెందుకురా తీసుకెళ్లడం?” అంటూనే వెనక సీట్లో దిండు సర్దుకున్నారు.

అట్లాంటా నుంచి చాటనూగా, అక్కణ్నుంచి మాంటీగిల్ కొండ ఎక్కి దిగితే నాష్‌విల్ దాదాపు 250 మైళ్లు. డ్రేక్ కూడా అట్లాంటా నుంచే నాష్‌విల్ చేరారు. 1932లో జార్జియాలోని అగస్టాలో పుట్టిన ఆయన, అట్లాంటాలో ఒక తాకట్టు కొట్టులో 38 డాలర్లకు స్టీల్ గిటార్ కొనుక్కున్నారు. 1959లో నాష్‌విల్‌కు మకాం మార్చారు. అప్పటికి ఈ వెడల్పాటి రహదారి పూర్తి కాలేదు. కొండ ఎక్కుతున్న లారీల వెనక నత్తనడకన పోతూ, వాద్యాన్ని కారులో వేసుకుని ఆ పాత దారిలో ఎలా వెళ్లారో అనుకున్నాను. కొండ దిగేసరికి గడియారం గంట వెనక్కి వెళ్లింది. బాబాయి దాన్ని లాభం కింద రాసుకున్నారు.

మ్యూజియం భవనాన్ని బయటి నుంచి చూసినా కాసేపు గడిచిపోతుంది. కిటికీలు పియానో మెట్లలా ఉంటాయి. గుండ్రటి మందిరం పైకప్పు అంచెలంచెలుగా ఉంటుంది. 78 ఆర్‌పీఎం రికార్డు మొదలుకొని సీడీ దాకా పాట ఎక్కిన నాలుగు రకాల బిళ్లలకు గుర్తుగా దాన్ని అలా కట్టారు. లోపల గాజు పెట్టెల్లో ఉన్న తళుకుల కోట్లు, బంగారు పూత కార్లు మేం త్వరత్వరగా దాటేశాం. అవి మాకంటే శ్రద్ధగా చూసేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఫలకాలు ఉన్నది ఆ గుండ్రటి మందిరంలో. కొత్తగా ఎంపికైన వారివి తప్ప మిగతా వాటికి వరుసక్రమం ఉండదు. ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదన్న ఉద్దేశంతో కలగలిపి పెట్టారు. కాబట్టి డ్రేక్ కోసం గోడ వెంట చదువుకుంటూ తిరగాల్సి వచ్చింది. కంట్రీ మహాగాయకుడు హ్యాంక్ విలియమ్స్‌దీ అంతే ఫలకం, డ్రేక్‌దీ అంతే ఫలకం. ఆ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. నచ్చనిది తేదీ. డ్రేక్ 1988లో పోయారు. ఎంపిక ప్రకటించింది 2021లో, డ్రమ్మర్ ఎడ్డీ బేయర్స్‌తో కలిపి. రికార్డింగుల్లో, కచేరీల్లో పక్కవాద్యం వాయించే వారికి అక్కడ ఒక విభాగం ఉంది కానీ, పాటల రచయితలతోనూ, పాడకుండా వాయించకుండా ఈ రంగానికి పనిచేసిన వారితోనూ వంతులు పంచుకోవాలి కనుక అది మూడేళ్లకోసారే వస్తుంది. ఆ సారి ఇద్దరికీ సమానంగా ఓట్లు రావడంతో ఇద్దరినీ తీసుకున్నారు. మనిషి పోయిన 33 ఏళ్లకు వచ్చిన గౌరవం గౌరవమే, కాదనను. కానీ ఆయన బతికుండగా ఆ గోడ మీద చోటు లేకపోయిందా?

అదే మందిరంలో థామస్ హార్ట్ బెంటన్ గీసిన పెద్ద చిత్రం ఉంది. కంట్రీ సంగీతానికి మూలాలన్నీ అందులో ఉన్నాయి: ఫిడేళ్లు, బాంజో, డల్సిమర్, చర్చి పాటలు, రైలుబండి. స్టీల్ గిటార్ కోసం వెతికాను, కనిపించలేదు. అది హవాయి నుంచి వచ్చిన వాద్యం మరి. 1880లలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు తీగల మీద లోహపు ముక్క జరిపి వాయించడం మొదలుపెట్టాడని చెబుతారు. ఈ సంగతి చెప్పగానే బాబాయి చటుక్కున నిలబడిపోయారు. “అయితే ఇది గోటువాద్యమే కదరా!”

ఇక ఆయన్ను ఆపడం కష్టమైంది. మెట్లు లేని తీగల మీద కర్ర జరుపుతూ గమకం పలికించే గోటువాద్యం కచేరీలు తాను ఎక్కడెక్కడ విన్నదీ చెప్పుకొచ్చారు. పోలిక నిజమే. కానీ తేడా పెడళ్లలో ఉంది. పెడల్ స్టీల్ కాళ్ల మీద నిలబడే బల్లలాంటి వాద్యం, తీగలు బిగించిన ఒక్కో పట్టీకి (దాన్నే మెడ అంటారు) సాధారణంగా పది తీగలు. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ, కుడి చేతి వేళ్లకు మీటే గోళ్లు, ఎడమ పాదం కింద పెడళ్లు, కుడి పాదం కింద ధ్వనిని పెంచి తగ్గించేది, మోకాళ్లకు అటూ ఇటూ మీటలు. పెడల్ తొక్కితే అడుగునున్న సన్నటి కడ్డీలు ఎంపిక చేసిన తీగనే బిగిస్తాయి. మిగతా స్వరాలు నిలకడగా ఉండగా వాటి మధ్య నుంచి ఒక్క స్వరం పైకి జారుతుంది. వెబ్ పియర్స్ 1954 నాటి ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజక్స్ ఇలా వాయించాక, స్టీల్ వాయించేవాళ్లంతా తమ వాద్యాలకు పెడళ్లు బిగించే పనిలో పడ్డారు.

మ్యూజియం నుంచే బస్సులో ఆర్‌సీఏ స్టూడియో బీ అనే పాత రికార్డింగ్ స్టూడియోకి తీసుకెళ్తారు. 1957లో కట్టిన సాదా గది. ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ రెండు వందలకు పైగా పాటలు రికార్డు చేశాడు, గైడు మాటల్లో ఎక్కువ భాగం ఆయన గురించే. నన్ను ఆకట్టుకున్నది పని జరిగిన తీరు. ఒక సెషన్ అంటే మూడు గంటలు, అందులో మూడు నాలుగు పాటలు పూర్తి కావాలి. వాయిద్యకారులు పాటను అప్పుడే మొదటిసారి వింటారు. స్వరలిపి ఉండదు, సప్తకంలో ఎన్నో స్వరం మీద కార్డ్ (స్వరాల గుత్తి) కట్టాలో చెప్పే అంకెలే కాగితం మీద ఉంటాయి: ఒకటి, నాలుగు, ఐదు. జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి అది. గాయని శ్రుతి మార్చమంటే అంకెలు మార్చనక్కర్లేదు. “షడ్జమం ఎక్కడ పెట్టుకుంటే సరిగమలు అక్కణ్నుంచే కదా, ఇందులో వింతేముంది?” అన్నారు బాబాయి, గైడు వైపు కాస్త జాలిగా చూస్తూ.

ఇలాంటి గదుల్లోనే డ్రేక్ రోజుకు ఒకటికి మించిన సెషన్లు వాయించేవారు. పాటలో ఆయనకు దక్కేది రెండు పంక్తుల మధ్య ఖాళీ. గాయని ఊపిరి తీసుకునే చోట ప్రవేశించి, ఆమె మళ్లీ మొదలుపెట్టేలోగా తప్పుకోవాలి. అంత తక్కువ జాగాలో తనదైన ముద్ర వేయడం నా దృష్టిలో కచేరీలో గంట సేపు ఒంటరిగా తని వాయించడం కన్నా కష్టం. మద్రాసులో మన పాటలకు వాయించినవాళ్లూ ఇదే పని చేశారు. రికార్డు మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు ఉండేవి. వేణువు ఎవరిదో, హవాయి గిటార్ ఎవరిదో తెలిసే దారి ఉండేది కాదు. వాళ్లకు ఇలాంటి గోడ మూడేళ్లకోసారి కాదు, అసలే లేదు.

డ్రేక్ పూర్తిగా తెర వెనక మనిషి కాదనీ చెప్పాలి. వాద్యం ధ్వనిని ఒక ప్లాస్టిక్ గొట్టం ద్వారా నోట్లోకి పంపి, పెదవులు కదిపి గిటార్ చేత మాట్లాడించేవారు. అలా చేసిన ‘ఫరెవర్’ 1964లో పాప్ జాబితాలో 25వ స్థానం దాకా వెళ్లింది. 1970లో బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ తన ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ ఆల్బమ్ కోసం ఆయన్ను లండన్ పిలిపించాడు. తర్వాత దానితోనే పేరు తెచ్చుకున్న రాక్ గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్ ఆ గొట్టం చమత్కారం చూసింది అక్కడే. అదే ఏడాది బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ నాష్‌విల్ వచ్చి, డ్రేక్ నిర్మాణంలో ఒక ఆల్బమ్ చేశాడు.

సాయంత్రం కాకముందే బ్రాడ్‌వేలో రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ అనే బార్‌కు వెళ్లాం. పాతకాలపు కంట్రీ తప్ప మరొకటి వాయించని చోటు. ఒకప్పుడు ఇదే భవనంలో షాట్ జాక్సన్, బడ్డీ ఎమన్స్ మొదలుపెట్టిన షో-బడ్ స్టీల్ గిటార్ల కంపెనీ ఉండేది. ఇక్కడి తిండిలో పేరున్నది వేయించిన బొలోనా మాంసం శాండ్‌విచ్. బాబాయి మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర కారులోనే తినేసి వచ్చారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

వేదిక మీద స్టీల్ వాయిస్తున్నది అరవై దాటిన మనిషి. కళ్లు ఎటో ఉన్నాయి, రెండు చేతులూ రెండు కాళ్లూ మోకాళ్లూ వేటి పని అవి చూసుకుంటున్నాయి. విరామంలో బాబాయి నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, వాద్యం అడుగు భాగం చూడొచ్చా అని అడిగారు. ఆయన నవ్వి పక్కకు జరిగాడు. ఫోను లైటు వేసి, నడుం వంచి, కడ్డీలన్నీ చూశాక బాబాయి లేచి మోహనం ఆరోహణ సన్నగా పాడారు. ఆ మనిషి మోకాలు కాస్త కదిపి అదే వాయించాడు, ఇంకో రెండు వంపులు తనవి కలిపి. మోహనంలోని ఐదు స్వరాలు కంట్రీ పాటల్లో నిత్యం వాడేవే. ఆయనకు అది కొత్త కాదు.

“అవరోహణలో తొందరపడ్డాడు” అన్నారు బాబాయి కూర్చుంటూ. పార్కింగ్ గడువు దాటిపోతోందని నేను రెండుసార్లు గుర్తు చేసినా, తర్వాతి సెట్ పూర్తయ్యేదాకా ఆయన కుర్చీ వదల్లేదు.