21 పాయింట్ల ఆట

"నాన్నా, ఇప్పుడు మనం ఎవరికి చప్పట్లు కొట్టాలి?" అని అడిగింది మా అమ్మాయి. 2025 మార్చి, చెన్నై నెహ్రూ ఇండోర్ స్టేడియంలో టేబుల్ టెన్నిస్ టోర్నీ. టేబుల్‌కి ఒకవైపు ఆచంట శరత్ కమల్. ఇదే తన చివరి టోర్నీ అని ముందే చెప్పేశాడు. రెండోవైపు మన హైదరాబాద్ కుర్రాడు స్నేహిత్. "ఇద్దరికీ కొట్టు తల్లీ" అన్నాను గానీ, నా చేతులు మాత్రం శరత్ పాయింట్లకే లేచాయి.

శరత్‌దీ నాదీ ఒకే ఈడు, ఇద్దరం 1982లోనే పుట్టాం. వాళ్లది చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నాన్న శ్రీనివాసరావు, బాబాయ్ మురళీధరరావు దగ్గరే నాలుగేళ్ల వయసు నుంచి నేర్చుకున్నాడు. నేను విజయవాడలో ఒక రైల్వే క్లబ్బులో నేర్చుకున్నాను.

మా రోజుల్లో మ్యాచ్ అంటే ముందు గుర్తొచ్చేది సైకిల్ పంక్చర్ సొల్యూషన్. ఆటకి అరగంట ముందు బ్యాట్ మీంచి రబ్బరు ఊడదీసి, ఎండిన పాత జిగురుని బొటనవేలితో ఉండలు ఉండలుగా దొర్లించి తీసేవాణ్ణి. కొత్త పూత వేశాక స్పాంజ్ ఉబ్బి, రబ్బరు వేయించిన అప్పడంలా వంకర తిరిగేది. మా నాన్న స్టీలు గ్లాసుతో ఒత్తి అంటించేవాడు. ఆ రోజు బంతి తగిలితే వచ్చే చప్పుడే వేరు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ అయిన వెంటనే ఇలాంటి జిగుర్లన్నీ నిషేధించారు. ఆ ఆవిర్లు ఒంటికి మంచివి కావు, ఆపడమే సరైంది.

నేను అంతకు చాలా ముందే ఆగిపోయాను. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది, స్పిన్ తగ్గింది. మరుసటి ఏడాది గేమ్ 21 పాయింట్ల నుంచి 11కి వచ్చింది, ఐదేసి సర్వీసులు రెండేసి అయ్యాయి. నాది నిదానంగా కుదురుకునే ఆట. ఐదారు పాయింట్లు వెనకబడి, అవతలివాడి సర్వీసు అర్థం చేసుకుని అందుకునేవాణ్ణి. 11లో అందుకునేలోపే గేమ్ అయిపోయేది. ఇంజినీరింగ్ వంకతో బ్యాట్ పక్కన పెట్టేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

శరత్ మీద నాకున్న గౌరవమంతా అక్కడే. 2002లో సర్వీసు చేసేటప్పుడు బంతిని దాచకూడదన్నారు, మార్చుకున్నాడు. జిగురు పోయింది, మార్చుకున్నాడు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, మళ్లీ మార్చుకున్నాడు. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం నెగ్గినవాడు, 16 ఏళ్ల తర్వాత, 40 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లో అదే స్వర్ణం మళ్లీ నెగ్గాడు. అక్కడే మన ఆకుల శ్రీజతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం కూడా. కమలేశ్ మెహతా 8 జాతీయ టైటిళ్ల రికార్డుని 10కి తీసుకెళ్లాడు.

నాకు మాత్రం అన్నిటికన్నా టోక్యో ఒలింపిక్స్‌లో చైనా ఛాంపియన్ మా లాంగ్‌తో ఓడిన మ్యాచే ఎక్కువ ఇష్టం. రెండో గేమ్ శరత్ 11-8తో లాగేశాడు. మూడోది 10-10 అయి డ్యూస్‌కి వెళ్లింది, ఇక రెండు పాయింట్ల తేడా వస్తేనే గెలుపు. 13-11తో పోయింది. తర్వాతి రెండూ 11-4, 11-4. ఆ మూడో గేమ్ చూస్తూ నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

చెన్నైలో స్నేహిత్ వరుసగా మూడు గేముల్లో గెలిచాడు. మా అమ్మాయి ఇద్దరికీ కొట్టింది, నిజంగానే.

ఆ ఆదివారం తను ప్రాక్టీస్ చేసే చోటికి నేనూ వెళ్లాను. "ఒక్క గేమ్, 21కి, ఐదేసి సర్వీసులు" అన్నాను. 11-6 కాగానే అలవాటు కొద్దీ షేక్‌హ్యాండ్ కోసం చెయ్యి చాచింది.

"ఇంకా పది కావాలి నీకు" అన్నాను.

21-18. నాదే.