మీటర్లకు పరీక్ష పెట్టిన ఆదివారం

అనంతపురంలో ఎండలు ముదిరాక మోటార్ రివైండింగ్ షాపు ఖాళీగా ఉండటం అరుదు. ఈ ఆదివారం ఒక్క బోరు మోటారూ రాలేదు. ఇదే సందని మల్టీమీటర్లు, వైరును దవడలతో పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూసే మెగ్గర్, ఎర్తింగ్ కొలిచే ఎర్త్ టెస్టర్ అన్నీ బల్ల మీద పరిచాను.

"కాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంది కదన్నా, మళ్లీ ఎందుకు?" అన్నాడు మా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లోడు. చాలామంది పెద్దవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. ల్యాబ్‌వాళ్లు మీటర్‌ను సరిచూసి ఇచ్చిన కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీసి వాడి చేతిలో పెట్టాను. ఇంత వోల్టేజి ఇస్తే మీటర్ ఇంత చూపించింది, తేడా ఇంత అని అందులో ఉంటుంది. అది ఆ రోజు, ల్యాబ్ చల్లదనంలో తీసిన లెక్క. ఆ తర్వాత మీటర్ నిచ్చెన మీంచి పడిందా, బండి డిక్కీలో మాడిందా ఆ కాగితానికి తెలియదు. చాలా డిజిటల్ మీటర్లకు కంపెనీ చెప్పే కచ్చితత్వం 18 నుంచి 28 డిగ్రీల మధ్యే వర్తిస్తుంది. మా రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది. ఈ సంగతి మీటర్‌తో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ఒక ల్యాబ్‌వాళ్లు అంకెలేవీ లేకుండా 'పాస్' అని ఒక్క ముక్క రాసి పంపారు. ఆ కాగితం నాకు దేనికీ పనికిరాలేదు. ఎంత తేడా ఉందో తెలిస్తేనే కదా, ఆ మీటర్‌ను ఏ పనికి నమ్మొచ్చో తేలేది! అప్పటి నుంచి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్నచోటికే పంపుతున్నాను.

ఎక్కువసేపు మెగ్గర్‌తోనే గడిచింది. లీడ్లు, అంటే కొలిచే వైర్లు, విడిగా ఉంచితే ఇన్ఫినిటీ, కలిపితే సున్నా. ఇంతవరకు అందరూ చూస్తారు. కానీ మోటారు బాగుందో లేదో తేల్చే విలువలు ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. అందుకే ఒక్కోటి ఒక మెగాఓమ్ ఉన్న రెసిస్టర్లు పది వరసగా సోల్డర్ చేసి, ప్లాస్టిక్ పైపు ముక్కలో పెట్టుకున్నాను. మెగ్గర్ ఇచ్చే 500 వోల్టులు ఒక్కదాని మీదే పడితే మామూలు చిన్న రెసిస్టర్ తట్టుకోదు. పదింటికి పంచితే ఒక్కోదాని మీద 50 వోల్టులే. 10 మెగాఓమ్‌లు చూపించాల్సిన చోట 9.8 చూపించింది. నోట్‌బుక్కులో పోయినసారి రాసిందీ అంతే. ప్రాణం హాయిగా అనిపించింది. చేను ఎండిపోతోందని రైతు టెన్షన్‌తో మోటారు పట్టుకొస్తాడు, మెగ్గర్ చూసి మనం కాయిల్ పోయిందంటాం. అది తప్పు చూపిస్తే బాగున్న వైండింగ్‌ను కోసి పారేస్తాం, ఖర్చు ఆయన నెత్తిన పడుతుంది. ఇంకోటి, వైండింగ్ 10 డిగ్రీలు వేడెక్కితే ఇన్సులేషన్ విలువ సుమారు సగానికి పడిపోతుంది. ఎండలోంచి దించిన మోటారును నీడలో చల్లారనిచ్చాకే మెగ్గర్ పెట్టేది అందుకే.

క్లాంప్ మీటర్ దవడల మధ్య సన్నటి తెల్ల పొడి. తాడిపత్రి బండల పాలిష్ మిషన్ల దగ్గర వాడినప్పుడు చేరింది. దవడలు పూర్తిగా మూసుకోకపోతే కరెంటు తక్కువ చూపిస్తుంది. పొడి గుడ్డతో తుడిస్తే సరిపోయింది.

మల్టీమీటర్ లీడ్లు కలిపి ఓమ్స్‌లో పెట్టి, ప్లగ్గు దగ్గర వైరును అటూ ఇటూ వంచి చూశాను. నల్ల లీడు 0.2 చూపిస్తూ ఉన్నట్టుండి ఓపెన్ అయిపోయింది. లోపల తీగ తెగింది. "టేపు చుడదాం అన్నా" అన్నాడు పిల్లోడు. ఒప్పుకోలేదు. అదే లీడుతో సప్లై ఉన్న ఫేజ్ కొలిస్తే మీటర్ సున్నా చూపిస్తుంది, లైను ఆఫ్‌లో ఉందనుకుని చెయ్యి పెడతాం. వాడిని లేపి కొత్త లీడ్లతో మూడు దశలూ చేయించాను: ముందు సప్లై ఉన్న సాకెట్లో పెట్టి మీటర్ పనిచేస్తోందని చూడటం, తర్వాత ఆఫ్ చేసిన లైను కొలవడం, మళ్లీ అదే సాకెట్లో చూడటం. మూడోది చాలామంది వదిలేస్తారు. కొలుస్తున్నప్పుడే లీడు తెగితే బయటపడేది అక్కడే. నేను చూడకపోయినా వాడు ఆ మూడోది చేసేదాకా వాణ్ని ఒంటరిగా ప్యానెల్ దగ్గరికి పంపను.

ఎర్త్ టెస్టర్‌కు కాలిబ్రేషన్ గడువు దగ్గర పడింది. బ్యాటరీలు తీసి, థర్మాకోల్ పెట్టి ప్యాక్ చేశాం. రేపు బెంగళూరు ల్యాబ్‌కు పార్సిల్ వేయాలి, అంకెలన్నీ రాసి పంపమని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయించాను.