బార్బడోస్: డాలర్ల నిల్వా, ఓట్ల లెక్కా

చిన్న ద్వీపాల రాజకీయం తెలియాలంటే మేనిఫెస్టోకన్నా ముందు సెంట్రల్ బ్యాంకులో డాలర్లెన్నో చూడాలి. కరీబియన్ ద్వీప దేశం బార్బడోస్‌లో 1975 నుంచి ఒక అమెరికన్ డాలరుకి రెండు బార్బడోస్ డాలర్లు. తిండి, ఇంధనం, మందులు చాలావరకు దిగుమతే కాబట్టి ఆ రేటు జోలికి ఏ పార్టీ పోదు.

డెమోక్రటిక్ లేబర్ పార్టీ (డీఎల్‌పీ) ప్రభుత్వం బడ్జెట్ లోటు పూడ్చుకోడానికి సెంట్రల్ బ్యాంకు దగ్గరే అప్పు చేస్తూ వచ్చింది. అలా పుట్టిన డబ్బు చివరికి దిగుమతుల మీదికే పోతుంది, నిల్వలు కరుగుతాయి. దాన్ని ఆపాలని 2017లో సరుకుల మీద వేసే ‘సామాజిక బాధ్యత లెవీ’ అనే పన్నుని 2 నుంచి 10 శాతానికి పెంచారు. ఓటరుకి కనబడింది మాత్రం కిరాణా బిల్లే. 2018 మే 24 ఎన్నికల్లో ప్రతిపక్ష బార్బడోస్ లేబర్ పార్టీకి (బీఎల్‌పీ) 30కి 30 సీట్లు! ఓట్లేమో నాలుగింట మూడొంతులకి కాస్త తక్కువే. ప్రతిపక్ష నేత కుర్చీ ఖాళీ అయితే, గెలిచిన పార్టీ సభ్యుడు జోసెఫ్ ఆథర్లీ అటు వెళ్లి కూర్చున్నారు. అదో వింత.

వారం తిరిగేసరికి ప్రధాని మియా మోట్లీ విదేశీ ప్రైవేటు రుణదాతలకు చెల్లింపులు ఆపేశారు. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) సుమారు 29 కోట్ల అమెరికన్ డాలర్ల అప్పు ఇచ్చింది. బదులుగా ప్రభుత్వం వడ్డీ ఖర్చు పక్కనపెట్టి చూస్తే బడ్జెట్‌లో జీడీపీలో 6 శాతమంత మిగులు చూపాలి. పర్యాటకం మీద బతికే దేశానికి అది చాలా గట్టి షరతు. కోవిడ్ వచ్చాక సడలించక తప్పలేదు.

నా లెక్కలో అసలు తెలివి పాత అప్పుల స్థానంలో ఇచ్చిన కొత్త బాండ్లలోని తుఫాను నిబంధన. పెద్ద విపత్తు వస్తే రెండేళ్లు చెల్లింపులు వాయిదా వేసుకోవచ్చు. 2022 ఎన్నికల్లోనూ బీఎల్‌పీకి మళ్లీ 30కి 30.