కెపాసిటీ ఉన్న కుర్రాడు

ఆదివారం. చెప్పుకోడానికి ఏమీ లేని రోజు. పొద్దున్నే బట్టలు మెషిన్లో వేసి ఇలా కూర్చున్నానో లేదో ఫ్రెండ్స్ గ్రూపులో ఎవడో పాత ఫోటో పడేశాడు. పిట్టగోడ మీద నిలబడి రెండు చేతులూ చాపి ఇంత నోరు తెరిచి పాడుతున్నది నేనే, 17 ఏళ్ళు అప్పుడు. ఇక కింద మొదలయ్యాయి, "ఆ రాత్రి గుర్తుందారా" అని ఒకడు, "వీడి పాట మర్చిపోగలమా" అని ఇంకొకడు. నేను కూడా అలవాటుగా "ఎలా మర్చిపోతాం" అని కొట్టేసి ఫోన్ పక్కన పెట్టా.

అబద్ధం. 22 ఏళ్ళుగా ఇదే అబద్ధం చెప్తున్నా. గోడ ఎక్కింది గుర్తు లేదు, పాట లేదు, ఇంటికెలా చేరానో అదీ లేదు. ఉన్నదల్లా వాళ్ళు చెప్పగా చెప్పగా నా బుర్రలో తయారైన ఓ సీను, అందులో నన్ను నేనే ఎదురుగా నిలబడి చూస్తుంటా, అక్కడే తెలిసిపోతుంది అది నాది కాదని.

అసలు మర్చిపోయాను అనడం కూడా కరెక్ట్ కాదట. తక్కువ టైంలో ఎక్కువ తాగితే రక్తంలో ఆల్కహాల్ గబగబా పెరిగిపోయి, జరుగుతున్నదాన్ని జ్ఞాపకంగా దాచిపెట్టే హిప్పోక్యాంపస్ ఆ పని ఆపేస్తుంది. మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు, గోడలెక్కుతాడు, పాడతాడు, పక్కనున్నోళ్ళకి తేడా కూడా తెలీకపోవచ్చు, లోపల మాత్రం ఏమీ రికార్డ్ అవ్వదు. బ్లాక్ఔట్ అంటే ఇదే. రాయని పేజీలో ఏం వెతుకుతాం.

ఇంతలో అక్క కొడుకు వచ్చి నా భుజం మీంచి తొంగి చూశాడు. వాడికి 16.

"మావయ్యా, ఇది నువ్వేనా? తాగున్నావా?"

"ఊఁ."

"ఎంత?"

"ఏమో, నాకు కెపాసిటీ ఎక్కువనేవాళ్ళులే" అని నోరు జారా. చెప్పేటప్పుడు గొంతులో ఎక్కడో కొంచెం గర్వం ఉంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా. వాడు పట్టేశాడు. "అంటే మంచిదేగా?" అన్నాడు.

ఏం చెప్తాం. ఆ వయసులో కెపాసిటీ అనేదే అసలు మోసం. ఎలకల మీద ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల్లో తేలింది ఏంటంటే, ఒకే మోతాదు ఇస్తే పెద్ద ఎలకలు తూలి పడి నిద్రపోతాయి, టీనేజీ వయసు ఎలకలు అంత తొందరగా పడిపోవు. అలాగని వాటికి ఏమీ కావట్లేదని కాదు, డ్యూక్ యూనివర్సిటీలో స్వార్ట్జ్‌వెల్డర్ వాళ్ళు చూస్తే నేర్చుకోడం, గుర్తుపెట్టుకోడం దగ్గర కుర్ర ఎలకలకే దెబ్బ ఎక్కువ. అంటే ఇక చాలు, పడుకో అని చెప్పాల్సిన మత్తు లేటుగా వస్తుంది, జ్ఞాపకం మాత్రం ముందే పోతుంది. మేమేమో దానికి చప్పట్లు కొట్టి ఇంకో పెగ్గు పోసేవాళ్ళం.

ఇంకో సమాధానం కూడా మా దగ్గర రెడీగా ఉండేది, మేం రోజూ తాగం కదా, నెలకో రెండుసార్లు అంతే. నిజమే, కానీ ఆ రెండుసార్లూ ఫుల్లుగా. రెండు గంటల్లో మగవాళ్ళయితే 5, ఆడవాళ్ళయితే 4 డ్రింకులో అంతకంటే ఎక్కువో తాగితే దాన్ని బింజ్ అంటారు, టీనేజీలో చాలామందికి ఇంకా తక్కువే, ఆడపిల్లలకి 3 చాలు. ఆ లెక్కన మేం పద్ధతిగా తాగిన రాత్రి ఒక్కటీ లేదు.

వాడికి ఎలకల సంగతి చెప్తే ఇంట్రెస్ట్‌గా విన్నాడు, మెదడు 25 దాకా తయారవుతూనే ఉంటుంది అనగానే మాత్రం "అబ్బా మళ్ళీ మొదలెట్టావా" అన్న మొహం పెట్టాడు. తప్పులేదు, నేనూ అదే మొహం పెట్టేవాణ్ణి. ఆగి ఆలోచించుకో అని చెప్పేది మెదడు ముందు భాగం, అది అన్నిటికంటే లేటుగా పూర్తవుతుంది, ఆ మాట వినాల్సింది కూడా ఆ భాగమే మరి.

వాడు వెళ్ళాక నా గురించి నాకే డౌటొచ్చింది. అమెరికాలో 2012 నుంచి 800 మందికి పైగా కుర్రాళ్ళ మెదళ్ళని ఏళ్ళ తరబడి స్కాన్ చేస్తూ వచ్చారు, బాగా తాగినవాళ్ళలో ముందు భాగంలో గ్రే మేటర్ (మెదడు కణాలుండే భాగం) మామూలు కంటే స్పీడుగా తగ్గింది, వైట్ మేటర్ (వాటిని కలిపే తీగల్లాంటివి) పెరగాల్సినంత పెరగలేదు. కానీ తొందరపడి తాగుడు మొదలెట్టేవాళ్ళ మెదడులో ముందు నుంచే కొన్ని తేడాలుంటాయని కూడా చెప్తున్నారు, అందుకే ఇంకో స్టడీలో అసలు చుక్క తాకకముందే, 9, 10 ఏళ్ళ వయసులోనే దాదాపు 12 వేల మంది పిల్లల్ని తీసుకుని చూస్తున్నారు. వాళ్ళకైతే ముందూ వెనకా తెలుస్తుంది. నాకు ముందు స్కాన్ ఏది? తాగని నేను ఎక్కడో ఉంటే వాడి పక్కన నిలబడి పోల్చుకునేవాణ్ణి. పేర్లు గుర్తు రాకపోవడం, గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానో తెలీక నిలబడ్డం, ఇవి ఆ రాత్రుల వల్లా, 39 వల్లా, చేతిలో ఫోన్ వల్లా?

ఎలకలకి ఆ గొడవ లేదు. కుర్ర వయసులో దఫాలుగా మందు పట్టించి, మానేసి, పెద్దయ్యాక చూస్తే హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు తక్కువ పుడుతున్నాయి, బెదురు ఎక్కువ, ముందు నేర్పిన రూలు తిరగేస్తే పాత పద్ధతి తొందరగా వదలవు. (22 ఏళ్ళుగా ఒకే అబద్ధం కొట్టేవాడికి ఇది చదివితే ఎలా ఉంటుందో చూడండి.) చక్రంలో పరిగెత్తించిన ఎలకల్లో ఆ కణాల లోటు పూడిందట. రేపట్నుంచి నడవాలి అనుకున్నా, ఎలాగూ ప్రతి ఆదివారం అనుకునేదే.

మధ్యాహ్నం మళ్ళీ గ్రూపు తెరిచి "నిజం చెప్పాలంటే నాకు ఆ రాత్రి ఏమీ గుర్తు లేదురా, ఏం పాట పాడాను?" అని టైప్ చేశా. కాసేపు ఎవడూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు ఒక పాట చెప్పాడు, ఇంకొకడు కాదు కాదని వేరేది చెప్పాడు. ఎప్పుడూ ఈ కథ అందరికంటే బాగా చెప్పేవాడు సాయంత్రం దాకా ఆగి విడిగా మెసేజ్ పెట్టాడు, "నాకూ గుర్తు లేదురా, మర్నాడు ఎవడో చెప్తే విన్నదే."

బట్టలు ఇంకా మెషిన్లోనే ఉన్నాయి, వాసనొస్తున్నాయి, మళ్ళీ వేశా.