పొరపాట్లు వాటంతట అవే దొర్లవు

పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "రెండు పేజీలు చాలు మేడమ్, మీ బ్యాచ్ కబుర్లు రాయండి" అన్నారు. రాద్దామని కూర్చుంటే నాకు కబుర్లేవీ గుర్తుకు రాలేదు. ఒక వాక్యం గుర్తొచ్చింది. జర్నలిజం విద్యార్థులుగా మనం నడిపిన పత్రిక, ల్యాబ్ జర్నల్, నాలుగో సంచిక, మూడో పేజీ, కుడివైపు బాక్స్ ఐటం. మీలో సగం మందికి విషయం ఈపాటికే అర్థమై ఉంటుంది.

  

మొదటి రోజు మాస్టారు హాజరు కూడా వేయకుండా బోర్డు మీద 1908 అని రాసి మన వైపు తిరిగారు. స్వాతంత్ర్య పోరాటం గురించేమో అనుకున్నాం. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వాల్టర్ విలియమ్స్ జర్నలిజం స్కూలు తెరిచిన ఏడాది అది. క్లాసులు మొదలైన రోజునే అక్కడ పత్రిక కూడా మొదలైంది. విద్యార్థులు వార్తలు రాస్తే ఊళ్లో జనం చదివే అసలు పత్రిక. "మీరు రాసింది నేను ఒక్కడినే చదివితే అది హోమ్‌వర్కు. అందులో ఎవరి పేరుందో ఆ మనిషి చదివితే అది వార్త" అన్నారు. ఆ మాట నోట్స్‌లో రాసుకున్నాను. అది నా మీదికే వస్తుందని అప్పుడు తెలియదు.

అమెరికా పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ సంగతీ ఆ వారంలోనే చెప్పారు. ఈ పని ఆఫీసులో పడి నేర్చుకోవాలి గానీ కాలేజీలో నేర్పేదేమిటని అందరూ అంటుంటే, ఆయన 1904లో వాళ్లకు జవాబుగా పెద్ద వ్యాసమే రాశాడు. ఆయన ఇచ్చిన డబ్బుతో కొలంబియా విశ్వవిద్యాలయంలో స్కూలు తెరిచేసరికి 1912 వచ్చింది. చూసుకోవడానికి ఆయన లేడు, అంతకు ముందు ఏడాదే పోయాడు. మన ఇళ్లల్లోనూ అదే ప్రశ్న కదా, "పేపర్లో రాయడానికి పీజీ ఎందుకు?" అని. మా నాన్నకు పులిట్జర్ వ్యాసం గురించి చెప్పాను. శ్రద్ధగా విని, "ఆయనకు డబ్బుంది" అన్నారు.

ఇక ఎ.చె., అంటే "ఎవరు చెప్పారు?", దాని గురించి మీకు చెప్పేదేముంది. మార్జిన్‌లో ఆ రెండక్షరాలు పడని కాపీ మన బ్యాచ్‌లో ఎవరికీ తిరిగి రాలేదు. "భారీ వర్షం కురిసింది", ఎ.చె. "విద్యార్థులు ఆందోళన చెందుతున్నారు", ఎ.చె. "సభకు వేలాదిమంది తరలివచ్చారు" అన్నదానికి రెండుసార్లు ఎ.చె. ఎవరు చెప్పారో వాక్యంలో ఉండాలి, లేదా నీ కళ్లతో చూసి ఉండాలి. మూడో దారి లేదనేవారు.

జానెట్ కుక్ అనే విలేఖరి గురించి మాస్టారు చెప్పిన రోజు ఎవరూ కదల్లేదు, వెనక బెంచీతో సహా. హెరాయిన్‌కు బానిసైన ఎనిమిదేళ్ల పిల్లవాడి గురించి 1980 సెప్టెంబరులో ఆమె వాషింగ్టన్ పోస్ట్‌లో రాసింది. ఆ పిల్లవాణ్ని కాపాడాలని పోలీసులు ఊరంతా గాలించారు, దొరకలేదు. 1981 ఏప్రిల్‌లో ఆ కథనానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. దానితో పాటే ఆమె చదువు వివరాలు అచ్చయ్యాయి. అవి సరిగ్గా లేవని అంతకు ముందు ఆమె పనిచేసిన టొలీడో పత్రిక వాళ్లు గమనించారు. రెండు రోజుల్లో అంతా బయటపడింది. అసలు అలాంటి పిల్లవాడే లేడు. పత్రిక బహుమతి వెనక్కి ఇచ్చేసింది. "ఆమె అబద్ధమాడింది, అది ఆమె లెక్క. ఆ పిల్లవాడి ఇల్లు ఎక్కడో ఒక్క ఎడిటరయినా వెళ్లి చూడలేదు. ఈ క్లాసు దాని గురించి" అన్నారు మాస్టారు. నేను మాత్రం నిశ్చింతగా కూర్చున్నాను. నేనెప్పుడూ అబద్ధం రాయను కాబట్టి ఆ పాఠం నాది కాదనుకున్నాను.

నాలుగో సంచిక వచ్చేనాటికి మాస్టారు సెలవులో ఉన్నారు. మనమంతా బాబాయి అని పిలిచే గ్రంథాలయం అటెండర్ రిటైర్మెంట్ మీద నేను రాసిన బాక్స్ మనవాళ్లే చూసి పేజీలో పెట్టేశారు. మంచి మనసుతో రాశాను. కార్డుల డ్రాయర్లు, పాత పుస్తకాలకు ఆయన వేసే గుడ్డ అట్టలు, పరీక్షలప్పుడు మన కోసం తలుపు మూయకుండా కూర్చున్న రాత్రులు, అన్నీ పెట్టాను. చివర్లో, "32 ఏళ్ల సర్వీసులో ఆయన ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు" అని ముగించాను. బాగా కుదిరిందని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మాస్టారు తిరిగి వచ్చి సంచిక మొత్తం చదివి, ఆ వాక్యం మీద వేలు పెట్టి పిలిచారు.

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటారు సార్."

"అందరూ అంటే ఎవరు? పేరు, హోదా చెప్పు."

చెప్పలేకపోయాను. "అయితే ఆయన్నే అడిగి రా. ఇప్పుడే" అన్నారు.

వెళ్లేసరికి బాబాయి డెస్క్ వెనక ఉన్నారు. ఆఖరి వారం అది. మన సంచిక స్టాంపు ప్యాడ్ కింద మడతపెట్టి ఉంది. చదివారన్నమాట. "బాగా రాశావమ్మా" అన్నారు ముందు. ఏదైనా తప్పు పడిందా బాబాయ్ అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "మీ పిన్నికి జబ్బు చేసినప్పుడు నలభై రోజులు సెలవు పెట్టానమ్మా. పోయేదాకా పక్కనే ఉన్నాను. నేను చేసిందల్లా అదే. ఇప్పుడు ఒక్క రోజూ సెలవు పెట్టలేదని అచ్చయితే, నా పిల్లలు చదివితే, ఆమెను వదిలేసి ఇక్కడ కూర్చున్నట్టుంటుంది కదా."

పొగుడుతూ రాసిన వాక్యం అది. అందులో ద్వేషం లేదు, స్వార్థం లేదు. ఒక మనిషి జీవితంలోంచి నలభై రోజులు తీసేసింది, అంతే. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. రోజూ ఎదురుగా కనిపించే మనిషి, ముప్పై అడుగుల దూరంలో ఉన్న మనిషి.

సవరణ రాసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. "గత సంచికలో ఒక పొరపాటు దొర్లింది. చింతిస్తున్నాం" అని మొదలుపెట్టాను. అన్ని పత్రికల్లో అలాగే ఉంటుంది మరి. ఆయన చదివి కాగితం నా వైపే జరిపారు. "పొరపాటుకు కాళ్లున్నాయా, దొర్లడానికి? కర్త ఎవరు?" రెండోసారి "ప్రచురితమైంది" అని రాశాను. "మళ్లీ కర్త లేడు." మూడోసారి "ప్రచురించాం." "మీరంతా కలిసి రాశారా?" నాలుగోసారి రాసింది నాకిప్పటికీ కంఠతా వచ్చు: "గత సంచిక మూడో పేజీలో గ్రంథాలయం అటెండర్ గారు ఎప్పుడూ సెలవు పెట్టలేదని రాశాను. అది తప్పు. ఆయన సెలవు పెట్టారు. రాసేముందు ఆయన్ను అడగలేదు." కింద నా పేరు. నలభై రోజుల సంగతి వేయాలా వద్దా అన్నది బాబాయినే అడగమన్నారు. ఆయన వద్దన్నారు, వేయలేదు. ఇప్పుడు రాయవచ్చా అని ఈ మధ్య వాళ్లబ్బాయిని అడిగాను. రాయమన్నారు.

సవరణ అదే పేజీలో, అదే చోట, అంతే సైజు బాక్స్‌లో వచ్చింది. తప్పు ఎక్కడ కనిపించిందో దిద్దుబాటూ అక్కడే కనిపించాలని మాస్టారి పట్టు.

రెండో ఏడాది గురించి రాయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. వైవా, డిజర్టేషన్, వీడ్కోలు సభ, అన్నీ జరిగే ఉంటాయి.

ఆ తర్వాత పదకొండేళ్లు డెస్క్‌లో పనిచేశాను. రాత్రి రెండింటికి పేజీ వదిలే ముందు పేర్లన్నీ మళ్లీ ఒకసారి చూసే అలవాటు చూసి కొత్త సబ్ ఎడిటర్లు విసుక్కునేవారు. తర్వాత పీహెచ్‌డీ, ఇప్పుడు బోధన. ఈ ఏడాదితో నా చేతి మీదుగా పద్నాలుగు బ్యాచ్‌లు. మా విభాగంలో సిలబస్ మార్చినప్పుడు, యునెస్కో 2007లో తెచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ముందు పెట్టుకుని, నిజనిర్ధారణకు విడిగా ఒక పేపరు ఉండాల్సిందేనని గట్టిగా వాదించాను. రెండు సమావేశాలు పట్టింది గానీ ఒప్పుకున్నారు. ఫోటో ఎప్పటిదో, ఎక్కడిదో వెతికి పట్టుకోవడం, వీడియోలో నీడల్ని బట్టి వేళ అంచనా వేయడం అందులోనే నేర్పుతున్నాం. నేర్పేటప్పుడు నాకూ సంతోషంగా ఉంటుంది.

పోయిన సెమిస్టర్‌లో ఒక అమ్మాయి హాస్టల్ నీళ్ల మీద రిపోర్టు తెచ్చింది. చక్కటి భాష. మధ్యలో ఒక ప్రొఫెసర్ మాట కోట్స్‌లో ఉంది. మార్జిన్‌లో రెండక్షరాలు రాసి ఇచ్చాను. పాపం, దానికి అర్థం తెలియక వచ్చి అడిగింది. ఆయన్ను ఎప్పుడు కలిశావమ్మా అంటే తల దించుకుంది. ఏఐ రాసిచ్చిందట. ఆ పేరుతో మా క్యాంపస్‌లో నిజంగానే ఒక ప్రొఫెసర్ ఉన్నారు. ఆ మాట మాత్రం ఆయన అనలేదు. కోప్పడలేదు. "ఇప్పుడే వెళ్లి కలిసి రా" అన్నాను. గంట తర్వాత నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాసుకుని వచ్చింది. యంత్రం రాసిన మాటకు ఆయన పూర్తిగా వ్యతిరేకంట! ఆ నాలుగు పేజీల్లోంచి వచ్చిన వార్తే మా ల్యాబ్ జర్నల్‌లో ఆ నెల మొదటి పేజీ వార్త.

మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "ఆ ప్రొఫెసర్ ఇంటిపేరు సరిగ్గా వేశారా?" అని అడిగారు. వేశాం మాస్టారూ.

కమిటీకి ఒక మనవి. గత సంచికలో మన బ్యాచ్ గ్రూప్ ఫోటో కింద అందరి పేర్లూ ఉన్నాయి. కుడివైపు చివర నిలబడిన బాబాయి దగ్గర మాత్రం "గ్రంథాలయ సిబ్బంది" అని ఉంది. ఈసారి అదే ఫోటో వేస్తున్నారని విన్నాను. ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, విడిగా ఒక కాగితం మీద రాసి ఈ వ్యాసంతో పాటు పంపుతున్నాను. అక్షరాలు వాళ్లబ్బాయికి చదివి వినిపించి సరిచూసుకున్నాను.