హామిల్టన్ మార్కులు ఇద్దరు వేస్తే ఎంత తేడా వస్తుంది?

డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కేలు 1960 నాటిది. 17 అంశాలు, మొత్తం 52 మార్కులు. అడిగేదీ మనిషే, మార్కు వేసేదీ మనిషే. కాబట్టి ఎక్కడో ఎవరో దాన్ని పరీక్షించి బాగుందన్నారని ఊరుకోకూడదు. మన రేటర్లు (మార్కులు వేసేవాళ్లు), మన పేషెంట్లతో మళ్లీ చూసుకోవాలి.

మామూలుగా జరిగేది ఇదీ: ఒకరు అడుగుతుంటే పక్కనే కూర్చున్న రెండోవారూ మార్కులు వేస్తారు. ఇద్దరికీ చక్కగా కలుస్తాయి. కలవక ఏం చేస్తాయి, ఇద్దరూ విన్న జవాబు ఒకటేగా! వీడియో చూసి వేసినా అంతే. అసలు తేడా పుట్టేది అడగడంలో. "నిద్ర పడుతోందా?" అని ఒకరు వదిలేస్తారు. ఇంకొకరు పడుకున్నాక ఎంతసేపటికి పడుతోంది, మధ్యలో లేస్తున్నారా, తెల్లారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోంది అని విడివిడిగా అడుగుతారు. నిద్రకే మూడు అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2. అంటే అక్కడే 6 మార్కులు అటూ ఇటూ కావచ్చు.

అందుకే ఇంటర్వ్యూలు వేర్వేరుగా, 24 గంటల లోపు పెట్టాలి. సగం మంది పేషెంట్లను ముందు మొదటి రేటరు, మిగతా సగాన్ని ముందు రెండో రేటరు చూడాలి. రెండోసారి విసుగొచ్చి జవాబులు కుదించేస్తారు కదా. వారం ఆగితే జబ్బే మారిపోవచ్చు, అప్పుడు ఆ తేడా రేటర్లదో జబ్బుదో తెలియదు.

ఇద్దరి మార్కులు ఎంత కలిశాయో లెక్కకట్టడానికి మామూలు కోరిలేషన్ (రెండు వరుసల అంకెలు కలిసి పెరుగుతూ తగ్గుతున్నాయా అని చెప్పే కొలత) పనికిరాదు. ఒకరు ప్రతి పేషెంటుకూ 4 మార్కులు ఎక్కువ వేసినా అది 1 అనే చూపిస్తుంది. ఇంట్రాక్లాస్ కోరిలేషన్, అంటే ఐసీసీ వాడండి, అందులోనూ 'అబ్సొల్యూట్ అగ్రిమెంట్' రకం: మార్కులు అచ్చంగా కలిశాయా అని చూసేది, 1కి దగ్గరైతే బాగా కలిసినట్టు. సాఫ్ట్‌వేర్ రెండు అంకెలు ఇస్తుంది: ఒక్క రేటరుది, సగటుది. ఒక్కరిది 0.70 ఉంటే ఇద్దరి సగటుది 0.82 అవుతుంది. రేపు క్లినిక్‌లో చూసేది ఒక్కరే అయితే 0.82 అని రాయడం ఆత్మవంచనే.

ఆ అంకెను మార్కుల్లోకి మార్చుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. పేషెంట్ల మార్కుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 6, ఐసీసీ 0.84 అనుకుందాం. కొలత దోషం 6 × √(1 − 0.84), అంటే 6 × √0.16, అంటే 2.4. ఒకే మనిషిని రెండుసార్లు కొలిచినప్పుడు దాదాపు 6.7 మార్కులకు లోపలి తేడా ఈ దోషం వల్లే రావచ్చు. 20 నుంచి 15కి దిగితే మందు పనిచేసిందని ఆ ఒక్క పేషెంటు విషయంలో ఢంకా కొట్టలేం.

ఆత్మహత్య ఆలోచన ఉందా లేదా లాంటి అంశానికి కప్పా వాడతారు; యాదృచ్ఛికంగా కలిసినవి తీసేశాక ఇద్దరి అంగీకారం ఎంతో చెప్పే అంకె అది. 50 మందిలో ఇద్దరు రేటర్లూ 'లేదు' అన్నవి 45, 'ఉంది' అన్నది 1, మొదటివారు మాత్రమే 'ఉంది' అన్నవి 2, రెండోవారు మాత్రమే అన్నవి 2. అంగీకారం 92 శాతం, కప్పా మాత్రం 0.29. 'ఉంది' కేసులు అరుదైతే ఇలాగే పడిపోతుంది. అందుకే కప్పా పక్కన ఆ నాలుగు అంకెలూ ఇవ్వాలి.

తెలుగులో అడిగేటప్పుడు ఎక్కువ తగువు వచ్చేది అపరాధ భావన దగ్గర. "ఏ జన్మలో చేసుకున్న పాపమో, ఇలా అనుభవిస్తున్నా" అంటారు పేషెంట్లు. జబ్బును శిక్షగా భావిస్తే 3 వేయాలి. మాటవరస అనుకుంటే 0. "అందరూ అనే మాటేనా, మీకు నిజంగా శిక్ష పడిందనే అనిపిస్తోందా?" అన్న ఎదురు ప్రశ్నను రేటర్లిద్దరి కాగితం మీదా మొదటి ఇంటర్వ్యూకు ముందే అచ్చు వేయించాలి.